రవాణా వల్ల వెలువడే హరితగృహ వాయువులను తగ్గించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మనం ఎక్కే బస్సు, నడిపే స్కూటరు, ఇంటికి బియ్యం మోసుకొచ్చే లారీ, పిల్లల్ని చూడడానికి ఎక్కే విమానం ఇంధనంతోనే కదులుతాయి కాబట్టి, వాటి నుంచి వెలువడి భూమిని వేడెక్కించే వాయువులను తగ్గించడం గురించి మాట్లాడేముందు లెక్క తెలియాలి. కింది సమాధానాల్లోని అంకెలు సగటు మైలేజీని బట్టి వేసిన లెక్కలు. మీ బండి మైలేజీ వేరైతే ఆ మేరకు మీ లెక్క కూడా మారుతుంది. అన్నిటికీ మూలమైన కొలత ఒక్కటే: ఒక మనిషిని ఒక కిలోమీటరు తీసుకెళ్లడానికి ఎంత వాయువు వెలువడింది అన్నది.

వాహనాల నుంచి వచ్చే హరితగృహ వాయువులు ఏవి?

ప్రధానమైనది కార్బన్ డయాక్సైడ్. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోలు, ఒక లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోలు వెలువడుతుంది. లీటరు పెట్రోలు బరువు దాదాపు ముప్పావు కిలోయే కదా, రెండు కిలోల పైచిలుకు వాయువు ఎలా పుడుతుందని చాలామంది అడుగుతారు. పెట్రోలులోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. 12 పాళ్ల కర్బనానికి 32 పాళ్ల ఆక్సిజన్ చేరి 44 పాళ్ల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అంటే ఆ బరువులో ఎక్కువ భాగం గాలి నుంచి వచ్చినదే.

దీనితోపాటు గ్యాసుతో నడిచే బండ్ల నుంచి లీకయ్యే మీథేన్, ఇంజన్లలో కొద్దిగా పుట్టే నైట్రస్ ఆక్సైడ్, కార్ల ఏసీల్లో వాడే శీతలీకరణ వాయువు కూడా లెక్కలోకి వస్తాయి. ఈ చివరిదాన్ని మనం బొత్తిగా పట్టించుకోము. చాలా కార్లలో ఉండే ఆర్134ఏ అనే వాయువు భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతమైనది. ఒకసారి ఒక గ్యారేజీలో మెకానిక్ పాత గ్యాసును పట్టుకునే యంత్రం ఏదీ తగిలించకుండా వాల్వు నొక్కి గాలిలోకి వదిలేయడం దగ్గర నుంచి చూశాను. పదిహేను క్షణాలపాటు బుస్సుమని శబ్దం వచ్చి ఆగిపోయింది. కారులో ఉండే అర కిలో గ్యాసు మొత్తం అలా పోతే, దాని ప్రభావం దాదాపు 300 లీటర్ల పెట్రోలు కాల్చినదానితో సమానం. ఏసీ సర్వీసుకు ఇచ్చేటప్పుడు పాత గ్యాసును యంత్రంతో వెనక్కి తీసే చోటికే ఇవ్వండి.

ప్రపంచంతో పోలిస్తే మన ఉద్గారాలు తక్కువే కదా, ఈ బాధ్యత మనకెందుకు?

ఉద్గారాలు, అంటే ఇలా వెలువడే వాయువులు, తలసరి లెక్కలో మనవి తక్కువే. సగటు భారతీయుడి వాటా ఏడాదికి దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే, సంపన్న దేశాల తలసరి దీనికి ఎన్నో రెట్లు. దేశంలో ఇంధనాల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో రవాణా వాటా పది శాతానికి పైగా ఉంటుంది, అందులో సుమారు తొంభై శాతం రోడ్డు మీదదే. ఈ వాటా పెరుగుతూనే ఉంది. 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత్ ప్రకటించింది.

అయితే సగటు అనేది చాలా విషయాలను దాచేస్తుంది. ఎల్బీనగర్ వైపు నుంచి హైటెక్ సిటీ వైపుకు రోజూ రానూపోనూ 50 కిలోమీటర్లు ఒంటరిగా కారు నడిపే ఉద్యోగి ఏడాదికి 250 పనిదినాల్లో ఆ ఒక్క ప్రయాణం వల్లే దాదాపు 1.9 టన్నులు వదులుతాడు. దేశపు సగటు మనిషి తిండి, ఇల్లు, కరెంటు అన్నిటికీ కలిపి వదిలేది అంతే. కాబట్టి ఈ బాధ్యత పల్లెలో ఎర్రబస్సు ఎక్కే రైతు కూలీ మీద లేదు. కారు, విమానం అందుబాటులో ఉన్న మనలాంటివారి మీద ఉంది.

నా బండి బీఎస్-6, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఉంది. అది చాలదా?

ఆ రెండూ అవసరమే, కానీ అవి వేరే సమస్యకు మందు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 ప్రమాణాలు పొగలోని సూక్ష్మ ధూళిని, నత్రజని ఆక్సైడ్లను, గంధకాన్ని తగ్గించాయి. మన ఊపిరితిత్తులకు అది పెద్ద మేలు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం కాలిన ఇంధనాన్ని బట్టే వస్తుంది కాబట్టి పొగ ఎంత శుభ్రంగా ఉన్నా లీటరుకు 2.3 కిలోలు తప్పవు. దాన్ని అదుపు చేసేవి కార్ల కంపెనీలకు వర్తించే ఇంధన సామర్థ్య నిబంధనలు. వాటి ప్రకారం ఒక కంపెనీ అమ్మే కార్ల సగటు 2017-18 నుంచి కిలోమీటరుకు 130 గ్రాములు, 2022-23 నుంచి 113 గ్రాములు దాటకూడదు. ఇవి పరీక్షశాలలో కొలిచే అంకెలు. పంజాగుట్ట ట్రాఫిక్‌లో వచ్చే అంకె ఇంకా ఎక్కువ.

ఏ వాహనంలో వెళ్తే ఎంత తగ్గుతుంది?

లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు కిలోమీటరుకు సుమారు 150 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అందులో ఒక్కరే కూర్చుంటే ఆ 150 గ్రాములూ వారి ఖాతాలోనివే, నలుగురు కూర్చుంటే తలా 38. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైకు మీద ఒక్కరు వెళ్తే 46 గ్రాములు, ఇద్దరైతే 23. నగరంలో లీటరు డీజిల్‌కు నాలుగున్నర కిలోమీటర్లు నడిచే బస్సు కిలోమీటరుకు 600 గ్రాములు వదులుతుంది. నలభై మంది ఉంటే ఒక్కొక్కరి వాటా 15 గ్రాములు, అరవై మంది ఉంటే పది.

ఈ అంకెల్లో రెండు విషయాలు గమనించాలి. ఒంటరి కారుకూ నిండు బస్సుకూ మధ్య తేడా పది రెట్లు; ఇంజన్‌లో ఎంత గొప్ప సాంకేతిక మార్పు తెచ్చినా ఇంత తేడా రాదు. రెండోది, బస్సులో కనీసం పదమూడు మంది ఉంటేనే అది ఒంటరి బైకుతో సమానమవుతుంది, ఐదుగురితో తిరిగే బస్సు ఒంటరి కారు కంటే పెద్దగా మెరుగు కాదు. అందుకే బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదాని కంటే ఎంత నిండుగా తిరిగిందన్నది ముఖ్యం. ఆర్టీసీ వాళ్లు దీన్ని ఓఆర్ అంటారు, అంటే ఆక్యుపెన్సీ రేషియో. డిపోల్లో ఓఆర్‌తోపాటు ప్రతి డ్రైవరు కేఎంపీఎల్‌ను, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడిపారన్నదాన్ని, లెక్క కట్టి బోర్డు మీద పెట్టే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. వాతావరణ మార్పు అనే మాట మన పత్రికల్లో వినపడకముందే, డీజిల్ ఖర్చు కోసమే అయినా, ఉద్గారాలను పొదుపు చేసినవారు ఆ డ్రైవర్లు. గేరు ఎప్పుడు మార్చాలో, స్టాపు ఎంత దూరంలో ఉండగా యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయాలో తెలిసిన డ్రైవరుకు, అది పట్టించుకోని డ్రైవరుకు మధ్య అదే బస్సులో అదే రూట్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

బస్సులు రద్దీగా ఉంటాయి, సమయానికి రావు. ఎక్కమంటే ఎలా?

ఈ ప్రశ్న అడిగేవారిది తప్పు కాదు. ఉప్పల్ రింగురోడ్డు స్టాపులో ఉదయం ఎనిమిదిన్నరకు ఒక అరగంట నిలబడితే విషయమంతా కళ్లకు కడుతుంది. మొదటి బస్సు ఫుట్‌బోర్డు మీద దాకా నిండి ఆగకుండా వెళ్లిపోతుంది, రెండోదాంట్లో నలుగురు మాత్రమే ఎక్కగలుగుతారు, మూడోది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. టిఫిన్ బాక్సు సంచి భుజానికి తగిలించుకున్న ఒక యువకుడు మాటిమాటికీ ఫోన్‌లో టైము చూసుకుని చివరికి బైక్ ట్యాక్సీ పిలిచాడు. అలా నెలలో పది రోజులు జరిగితే అతను వాయిదాల మీద బైకు కొంటాడు. ఒకసారి కొన్నాక వాయిదా ఎలాగూ కడుతున్నాడు కాబట్టి ఆదివారం కూరగాయలకు కూడా దాని మీదే వెళ్తాడు, ఇక బస్సుకు తిరిగి రాడు. నగరంలో రవాణా ఉద్గారాలు పెరిగేది ఆ స్టాపులోనే అని నా నమ్మకం.

కాబట్టి వ్యక్తిగత త్యాగం గురించి చెప్పేముందు ప్రభుత్వాలను అడగవలసినవి ఉన్నాయి. బస్సుల సంఖ్య జనాభాకు తగ్గట్టు పెరగాలి, రద్దీ రోడ్ల మీద బస్సులకు ప్రత్యేక వరుస ఉండాలి, స్టాపులో నీడ ఉండాలి, అక్కడిదాకా నడవడానికి కాలిబాట ఉండాలి. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలుపెట్టిన సేవ కాలక్రమంలో ప్రపంచంలోనే అతి పెద్ద బస్సు సంస్థగా గిన్నిస్ పుస్తకంలో చోటు సంపాదించుకునేంతగా పెరిగింది. అంతటి వారసత్వం ఉన్న రాష్ట్రాలు మనవి. ఆ బలాన్ని నిలుపుకోవడం కొత్తగా ఏదో కనిపెట్టడం కంటే సులువు.

మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం వల్ల ఉద్గారాలు తగ్గుతాయా?

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాయి. షేర్ ఆటో లేదా స్కూటరు మానేసి జీరో టికెట్ తీసుకున్న ప్రతి ప్రయాణం వల్ల ఉద్గారాలు తగ్గినట్టే. ఇంతకుముందు ఇంటి నుంచి కదలలేని మహిళ ఇప్పుడు ఆసుపత్రికో, పనికో, పుట్టింటికో వెళ్తే దానివల్ల ఉద్గారాలు తగ్గవు, కానీ బస్సు ఎలాగూ నడుస్తున్నదే కాబట్టి పెరిగేదీ దాదాపు లేదు. ఆ ప్రయాణం ఆమె హక్కు. దాన్ని ఉద్గారాల తూకంలో తూచడం నాకు సమ్మతం కాదు. ఇక్కడ జాగ్రత్తపడవలసింది ఒక్కచోటే. రద్దీకి తగ్గట్టు బస్సులు పెంచకపోతే టికెట్ కొనే పురుష ప్రయాణికులు బైకులకు మళ్లిపోయి, ఒకవైపు మిగిల్చినది మరోవైపు పోతుంది.

మెట్రో, ఎంఎంటీఎస్ ఉన్నా ట్రాఫిక్ ఎందుకు తగ్గలేదు?

హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2003లో, మెట్రో 2017 నవంబరులో మొదలయ్యాయి. మెట్రో మూడు మార్గాల్లో 69 కిలోమీటర్లు విస్తరించింది. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రానికి రాపిడి చాలా తక్కువ, పైగా బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత కరెంటును తిరిగి లైనుకు పంపుతుంది. అందుకే నిండుగా నడిచే రైలును మించిన పొదుపైన సాధనం నగరంలో లేదు. లోపం రెండు కొసల్లో ఉంది. ఇంటి నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి ఆఫీసుకు ఉన్న ఒకటి రెండు కిలోమీటర్లకు ఆటోకు ఇచ్చే డబ్బు మెట్రో టికెట్‌ను మించిపోతే సామాన్యుడు ఇంటి దగ్గరే బండి తీస్తాడు. చిన్న బస్సులు, నడవదగ్గ దారులు, మెట్రోకు బస్సుకు ఎంఎంటీఎస్‌కు ఒకే టికెట్ ఉంటే ఇప్పుడున్న పట్టాల మీదే ఎంతో మంది ప్రయాణించగలుగుతారు.

మన కరెంటు బొగ్గుతోనే కదా వస్తుంది, ఎలక్ట్రిక్ బండి వల్ల లాభమేమిటి?

దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటు ఉత్పత్తికి దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఎలక్ట్రిక్ స్కూటరు వంద కిలోమీటర్లు వెళ్లడానికి, ఛార్జింగ్‌లో పోయేదానితో కలిపి, మూడున్నర యూనిట్లు అవుతుందనుకుంటే దాదాపు రెండున్నర కిలోలు. అదే దూరానికి పెట్రోలు స్కూటరు 4.6 కిలోలు వదులుతుంది. అంటే ఎక్కువగా బొగ్గుతో వచ్చే ఇప్పటి కరెంటుతో నడిపినా దాదాపు సగం తగ్గుతుంది. ఎలక్ట్రిక్ కారుకు వంద కిలోమీటర్లకు 17 యూనిట్లు పడితే 12 కిలోలు, పెట్రోలు కారుకు 15 కిలోలు. ఇక్కడ తగ్గుదల ఐదో వంతు మాత్రమే. ముడిచమురును శుద్ధి చేసేటప్పుడు వెలువడేదాన్ని కూడా కలిపితే ఈ తేడా మరికొంత పెరుగుతుంది. అయినా ఒక్కరే వెళ్లే ఎలక్ట్రిక్ కారు నిండు డీజిల్ బస్సు దరిదాపులకు కూడా రాదు.

ఎప్పుడు ఛార్జింగ్ పెడుతున్నామన్నది కూడా ముఖ్యమే. మధ్యాహ్నం పూట కర్నూలు సోలార్ పార్కు, రామగుండంలో నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ కేంద్రం వంటివి పూర్తి బలంతో పనిచేస్తాయి. రాత్రి ఏడు గంటలకు అందరూ ఇంటికి వచ్చి ప్లగ్గు పెడితే ఆ భారమంతా థర్మల్ కేంద్రాల మీద పడుతుంది. ఆఫీసుల్లో, కాలేజీల్లో పగటిపూట ఛార్జింగ్‌కు వీలు కల్పించడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని. తెలంగాణ 2024 నవంబరులో ప్రకటించిన విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు ఉంది.

బ్యాటరీ తయారీలో వచ్చే ఉద్గారాల సంగతేమిటి?

ఒక కిలోవాట్ అవర్, అంటే ఒక యూనిట్ కరెంటు, పట్టే బ్యాటరీ తయారీకి సుమారు 60 నుంచి 100 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మూడు కిలోవాట్ అవర్ల స్కూటరు బ్యాటరీకి 180 నుంచి 300 కిలోలన్నమాట. వంద కిలోమీటర్లకు రెండు కిలోల చొప్పున ఆదా అవుతుంటే ఆ అప్పు తీరడానికి తొమ్మిది వేల నుంచి పదిహేను వేల కిలోమీటర్లు తిరగాలి. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే డెలివరీ కుర్రాడికి అది మూడు నుంచి ఐదు నెలల పని. వారానికి ఒకసారి గుడికి వెళ్లడానికి మాత్రమే బండి తీసేవారికి అది ఎప్పటికీ తీరకపోవచ్చు. ఎక్కువగా తిరిగే బండ్లనే ముందు మార్చాలనడానికి ఇదే కారణం. ఆటోలు, డెలివరీ బైకులు, క్యాబ్‌లు ఆ వరుసలో మొదటివి. 2024లో దేశంలో అమ్ముడైన మూడు చక్రాల బండ్లలో సగానికి పైగా ఎలక్ట్రిక్‌వే కావడం ఈ దిశలో మంచి కబురు.

ఎలక్ట్రిక్ బస్సులు వస్తే డీజిల్ బస్సుల సమస్య తీరినట్టేనా?

హైదరాబాద్‌లో 2019లో 40 ఎలక్ట్రిక్ బస్సులు శంషాబాద్ విమానాశ్రయం రూట్లలో మొదలయ్యాయి, 2022లో తిరుమల ఘాట్ మీదికీ వచ్చాయి. వీటి గురించి నిజం చెప్పాలంటే లెక్క అంత ఉత్సాహంగా ఉండదు. ఎలక్ట్రిక్ బస్సుకు కిలోమీటరుకు యూనిట్ లేదా అంతకు కాస్త ఎక్కువ కరెంటు పడుతుంది. నేటి కరెంటు లెక్కన అది 700 గ్రాములు దాటుతుంది, ఏసీ లేని డీజిల్ బస్సు 600 గ్రాములు. ఏసీ డీజిల్ బస్సుతో పోలిస్తే మాత్రం ఎలక్ట్రిక్ బస్సుదే పైచేయి. అయినా నేను ఎలక్ట్రిక్ బస్సులనే కోరుకుంటాను. స్టాపులో నిలబడినవారి ముఖాన పొగ కొట్టదు, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు శక్తి బ్యాటరీలోకి తిరిగి వస్తుంది, దేశంలో సోలార్, పవన విద్యుత్ పెరిగేకొద్దీ అదే బస్సు ఏటేటా శుభ్రమవుతుంది. డీజిల్ ఇంజన్‌కు ఆ అవకాశం లేదు. అయితే పాత బస్సుల స్థానంలో తక్కువ సంఖ్యలో కొత్త ఎలక్ట్రిక్ బస్సులు తెచ్చి మొత్తం సర్వీసులు తగ్గిస్తే మాత్రం ఉద్గారాలు పెరుగుతాయి, ఎందుకంటే ఆ సీటు దొరకనివారు బైకు ఎక్కుతారు.

ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడితే ఉద్గారాలు ఇరవై శాతం తగ్గుతాయా?

తగ్గవు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో మూడింట రెండు వంతులే కాబట్టి ఈ మిశ్రమం వాడితే మైలేజీ కొంత పడిపోతుంది, ఆ మేరకు ఎక్కువ ఇంధనం పోయించాలి. ఇక ఇథనాల్ దేనితో తయారైందన్నది అసలు ప్రశ్న. చక్కెర మిల్లులో మిగిలే మొలాసిస్‌తో చేస్తే మేలు ఎక్కువ. బియ్యంతో, మొక్కజొన్నతో చేస్తే పంటకు వేసిన యూరియా నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్, నీళ్లు నిలిచిన వరి మడి నుంచి వచ్చే మీథేన్, బోరు మోటారు కరెంటు, ఫ్యాక్టరీలో బాయిలర్‌కు కాల్చే బొగ్గు కూడా కలపాలి, అవన్నీ కలిపాక మిగిలేది కొంచెమే. విదేశీ చమురు దిగుమతి తగ్గడం ఒక ప్రయోజనమే. కానీ కారు ట్యాంకు నింపడానికి వరి పండించడం వాతావరణానికి మేలు చేసే పని అని చెప్పడం సరికాదు.

సీఎన్‌జీ మంచిదేనా?

నగర గాలికి మంచిది. కార్బన్ డయాక్సైడ్ కూడా పెట్రోలు కంటే ఐదో వంతు లేదా అంతకు కాస్త ఎక్కువ తగ్గుతుంది. పైపులో, సిలిండరు దగ్గర, ఇంజన్‌లో కాలకుండా మీథేన్ లీకైతే మాత్రం ఆ లాభం కరిగిపోతుంది. వందేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో ఎనభై రెట్లకు పైగా వేడి పుట్టిస్తుంది.

సరుకు రవాణా గురించి మామూలు మనుషులు ఆలోచించవలసిన అవసరం ఉందా?

తప్పకుండా ఉంది, ఎందుకంటే మనం కొనే ప్రతి వస్తువు ఏదో ఒక బండి దిగి వచ్చినదే. దేశంలో సరుకులో సింహభాగం లారీల మీదే నడుస్తుంది, రైలు వాటా నాలుగో వంతుకు కాస్త పైన ఉంటుంది. 58 వ్యాగన్ల గూడ్సు బండి ఒకటి దాదాపు నాలుగు వేల టన్నులు మోస్తుంది; అంత సరుకుకు పాతిక టన్నుల లారీలు నూట అరవై కావాలి. మన దేశంలో తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడిచింది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ మార్గాలన్నీ దాదాపుగా విద్యుదీకరణ పూర్తి చేసుకున్నాయి. టన్ను సరుకును ఒక కిలోమీటరు మోయడానికి రైలుకు అయ్యే ఉద్గారాలు లారీతో పోలిస్తే చాలా కొద్ది.

బొగ్గు, సిమెంటు, ఎరువులు రైలెక్కుతాయి కానీ టమాటా, మామిడి, పాలు ఎక్కవన్న అభిప్రాయం ఒకటి ఉంది. 2020లో కరోనా కాలంలో అది తప్పని తేలింది. ఆ ఏడాది మార్చిలో రేణిగుంట నుంచి ఢిల్లీకి దూద్ దురంతో పేరుతో పాల ట్యాంకర్ల రైలు మొదలైంది, సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు పండ్లు, టమాటాలు మోసుకెళ్లింది. రైతు సరుకు రైలెక్కాలంటే మూడు కావాలి: స్టేషన్ దగ్గర చల్లని గిడ్డంగి, చెప్పిన వేళకు బయలుదేరే బండి, చిన్న రైతు నాలుగు బుట్టలు తెచ్చినా తీసుకునే ఏర్పాటు. ఈ మూడూ లేకపోతే లారీ యజమాని ఇంటి ముందుకే వచ్చి లోడు ఎత్తుకుంటాడు, అతన్ని తప్పుపట్టలేము. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకు ప్రతిపాదించిన తూర్పు తీర ప్రత్యేక సరుకు రవాణా మార్గం పూర్తయితే విశాఖ, కాకినాడ రేవుల సరుకుకు ఎంతో వెసులుబాటు కలుగుతుంది.

లారీలలోనే చేయగలిగింది ఇంకా ఉంది. గుంటూరు మిర్చి దించి ఖాళీగా తిరిగొచ్చే లారీ వచ్చేటప్పుడు కాల్చిన డీజిలంతా ఎవరికీ పనికిరానిదే, అందుకే రిటర్న్ లోడు దొరికేదాకా డ్రైవర్లు రోజుల తరబడి మార్కెట్ యార్డు బయట పడుకుంటారు. తిరుగు సరుకును త్వరగా కుదిర్చిపెట్టే ఏర్పాట్లు పెరిగితే డ్రైవరుకు ఇల్లు చేరే వేళ, దేశానికి డీజిలు రెండూ మిగులుతాయి. ఒకప్పుడు కృష్ణా, గోదావరి కాలువల్లో, బకింగ్‌హామ్ కాలువలో పడవల మీద బియ్యం, ఉప్పు, కట్టెలు మద్రాసు దాకా వెళ్లేవి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఆ దారిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. దాన్ని మళ్లీ వాడుకలోకి తేవడం సాధ్యమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఫ్లైఓవర్లు కడితే ట్రాఫిక్ తగ్గి పెట్రోలు ఆదా అవుతుంది కదా?

మొదటి ఏడాది అవుతుంది. దారి సులువైందని తెలిశాక అంతకుముందు బస్సులో వెళ్లినవారు, దూరమని అక్కడ ఇల్లు కొననివారు కూడా కారు తీస్తారు, కొద్ది ఏళ్లలో రద్దీ మళ్లీ మొదటికొస్తుంది. ప్రపంచంలో చాలా నగరాలకు ఇదే అనుభవం. అదే డబ్బులో కొంత బస్సులకు, కాలిబాటలకు కేటాయించాలి.

సైకిలు, నడక వల్ల నిజంగా తేడా వస్తుందా?

రెండు మూడు కిలోమీటర్ల లోపు ప్రయాణాలు నగరంలో చాలా ఎక్కువ కాబట్టి వస్తుంది. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు గల సైకిల్ ట్రాకు ప్రారంభమైంది. చూడచక్కని పని అది, పైకప్పు కరెంటు కూడా ఇస్తుంది. కానీ అక్కడ తిరిగేవారిలో చాలామంది వ్యాయామానికి వచ్చేవారే. పాలప్యాకెట్‌కు, ట్యూషన్‌కు, మెట్రో స్టేషన్‌కు సైకిలు మీద వెళ్లాలంటే సైకిలు దారి కాలనీ లోపల ఉండాలి. బడికి సైకిలు తొక్కే పదేళ్ల పిల్లను తల్లి నిశ్చింతగా పంపగలిగిన రోజు ఆ దారి నిజంగా ఉన్నట్టు.

పిల్లలు అమెరికాలో ఉన్నారు. విమాన ప్రయాణం లెక్క ఎంత?

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు వెళ్లి రావడం వల్ల ఒక ప్రయాణికుడి వాటాకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే సగటు భారతీయుడి ఏడాది మొత్తపు వాటా. మనవడిని చూడవద్దని ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. వెళ్లినప్పుడు మూడు నెలలో ఆరు నెలలో ఉండి రావడం, ఏడాదికి రెండుసార్లు వెళ్లే బదులు ఒకసారి వెళ్లడం చేయదగినవి. తేలికగా తగ్గించగలిగినది దేశంలోపల విమానం. హైదరాబాద్ నుంచి విజయవాడ, తిరుపతి, విశాఖపట్నం, బెంగళూరుకు రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరవచ్చు.

సొంత బండి తప్పనివారు వెంటనే ఏం చేయవచ్చు?

పదిహేను రోజులకోసారి టైర్లలో గాలి చూపించుకోండి, గాలి తగ్గిన టైరు ఇంజన్‌కు బరువు పెంచుతుంది. సిగ్నల్ దగ్గర అర నిమిషానికి మించి ఆగవలసివస్తే ఇంజన్ ఆపండి. నిలబడిన కారు గంటకు అర లీటరుకు పైనే తాగుతుంది. ఒకే ఆఫీసుకు వెళ్లే ముగ్గురు ఒకే కారులో వెళ్లడం వీటన్నిటి కంటే పెద్ద ఆదా. కొత్త బండి కొనేముందు అది నిజంగా ఎన్ని రోజులు బయటికి వస్తుందో ఒక నెలపాటు రాసి చూసుకోండి.

మా ఊరికి బస్సే లేదు. మేమేం చేయగలం?

పల్లెవెలుగు బస్సు రద్దయిన ఊళ్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఇంటర్ చదివే పిల్లల కోసం ఇంటికో బైకు వస్తుంది, ఆసుపత్రికి ఆటో మాట్లాడుకోవలసివస్తుంది, ముసలివాళ్లు ఊరు దాటరు. ఒక బస్సు ట్రిప్పు పోయినచోట నలభై పెట్రోలు బండ్లు పుడతాయి. కాబట్టి బస్సు అడగడం కూడా ఉద్గారాలను తగ్గించే పనే. డిపో మేనేజర్లు నిర్వహించే డయల్ యువర్ డీఎం కార్యక్రమంలో ఈ విషయం చెప్పవచ్చు, దానితోపాటు రాతపూర్వకంగా వినతిపత్రం ఇవ్వడం మంచిది. బస్సు కావాలి అని మాత్రమే రాస్తే సరిపోదు. ఉదయం ఎన్ని గంటలకు, ఎంతమంది విద్యార్థులు, ఏ కాలేజీకి వెళ్తారు, సంతరోజు ఏది, సాయంత్రం చివరి తిరుగు ప్రయాణం ఏ వేళకు అవసరం అన్నవి ఊరివాళ్లు కూర్చుని లెక్కవేసి, సర్పంచి సంతకంతో, పాఠశాల ప్రధానోపాధ్యాయుల సంతకంతో ఇవ్వండి. ఓఆర్ వస్తుందన్న నమ్మకం కలిగితే డిపో ట్రిప్పు వేయడానికి ముందుకొస్తుంది. ట్రిప్పు వేశాక మొదటి మూడు నెలలు బస్సు నిండేలా చూసుకోవడం ఊరి పని.